ఉప్పు, ప్రసాదము, అవధానము

ఒక సందేహముతో ఈ వ్యాసమును ప్రారంభించుచున్నాను. ఇది గ్రంథములు చదువునపుడు కలిగిన సందేహము కాదు. మా అన్నగారి కంచము ఎదుట కలిగినది. వైద్యుడు ఉప్పు తగ్గింపుమని చెప్పినాడు. మఠములో దాసోహపు పంక్తిలో కూర్చున్నచో వడ్డింపబడునది ప్రసాదము. ప్రసాదమును కాదనుట వీరశైవునకు తగదు. వైద్యుని మాట త్రోసివేయుట ప్రాణమునకు మంచిది కాదు. ఈ రెంటిలో దేనిని మన్నింపవలెను? ఈ ప్రశ్న నేడు మన ఇండ్లలో చాలమందికి ఎదురగుచున్నది. పెద్దలు కొందరు దీనిని నవ్వి త్రోసివేయుచున్నారు, కొందరు లోలోపల బాధపడుచున్నారు. నేనును ఒకప్పుడు నవ్వినవాడనే కనుక ఆ సంగతి ముందుగా చెప్పవలసియున్నది.

మా అన్నగారు నాకంటె పదేండ్లు పెద్దవారు. వ్యవసాయము వారి కాయకము. మా ఊరికి దగ్గరనున్న ఒక మఠమున ఉత్సవదినములలో వంటశాల భారము చాల ఏండ్లు వారే వహించిరి. ఐదారువందల మందికి పప్పు, చారు, కూర వండు గంగాళములలో ఉప్పు వేయుట వారి చేతిపనియే. అర్పితము కాని దానిని రుచి చూడరాదు కదా! అందుచేత వంటవాడు నాలుకతో కాక కంటితోను చేతితోను ఉప్పు నిర్ణయింపవలెను. అన్నగారు పిడికిలి నింపి, ఆవిరివైపు ఒకసారి చూచి, విసరెడివారు. చప్పబడినదని మాట పడుటకంటె కొంచెము మిగులుటయే మేలని వారి లెక్క. వంటశాలలన్నింటను నడుచు లెక్క అదియే అనుకొందును. దానికి తోడు ఊరగాయ, అప్పడము, ఉప్పు వేసిన మజ్జిగ.

2017లో జ్వరమని వైద్యుని వద్దకు పోగా రక్తపోటు 170/100 ఉన్నదని తెలిసినది. వైద్యుడు మాత్రలు వ్రాసి, ఊరగాయలు మానుమనియు, కూరలో ఉప్పు సగము చేయుమనియు చెప్పినాడు. అన్నగారికి తలనొప్పి లేదు, తల తిరుగుట లేదు; పొద్దున లేచి పొలము చుట్టి వచ్చుచున్నారు. ఏ బాధయు లేనివానికి జబ్బున్నదన్నచో ఎవరు నమ్ముదురు? నేను మెల్లగా ఉప్పు మాట ఎత్తితిని. వారు నావైపు చూచి, “తమ్ముడూ, ప్రసాదంలో ఉప్పెంత, కారమెంత అని లెక్కపెట్టేవాడు భక్తుడెట్లవుతాడు?” అనిరి.

ఆ మాటకు నేను మురిసిపోయితిని. తెలుగు పండితుడను కదా, మంచి వాక్యము వినబడినచో దానిలోని సత్యమును తరువాత చూచుకొందుము. ఆ యేటి బసవజయంతి సభలో పేరు చెప్పకుండ దానిని ఉదాహరించితిని. సభ చప్పట్లు కొట్టినది. మరి రెండేండ్లకు, 2019 శ్రావణమాసములో, అన్నగారికి పక్షవాతము వచ్చినది. ఎడమ కాలు, ఎడమ చేయి పడిపోయినవి.

లింగాయత గృహములలో ఎడమ చేయి పడిపోవుట యననేమో వేరుగ చెప్పనక్కరలేదు. ఇష్టలింగమును నిలుపుకొని పూజించు కరస్థలము అదియే. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన మరునాటి ఉదయము అన్నగారు స్నానము చేయించుకొని, విభూతి ధరించి, లింగమును అరచేతిలో నుంచుమనిరి. చేయి నిలువలేదు. వదినగారు తన అరచేతిని క్రింద ఆనించి పట్టుకొనిరి. పూజ అట్లే జరిగినది. నేను గడపలో నిలిచి చూచితిని. సభలో చప్పట్లు కొట్టించిన వాక్యము అప్పుడు నా చెవిలో వేరుగ వినబడినది.

ఉప్పు ఒక్కటే కారణమని వైద్యులు చెప్పలేదు, నేనును చెప్పను. మాత్రలు జ్ఞాపకమున్ననాడు వేసికొని లేనినాడు మానుట, వయస్సు, మా తండ్రిగారికి కూడ ఈ జబ్బు ఉండుట, అన్నియు కలిసినవి. ఐనను మన చేతిలో ఉన్నది ఏదో, లేనిది ఏదో విడదీసి చూచుట అవసరము. తండ్రినుండి వచ్చినదానిని మార్చలేము. గంగాళములో పడు పిడికిలిని మార్చగలము.

శరీరములో ఉప్పు చేయు పనిని మా పాఠశాలలోని విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయుడు నాకు తేలికగా బోధించినాడు. ఉప్పులోని సోడియము నీటిని పట్టియుంచును. మూత్రపిండములు దానిని వెలుపలికి పంపుటకు శ్రమించును. పంపలేనంత వచ్చినచో రక్తనాళములలో ద్రవము పెరిగి, వాని గోడలపై ఒత్తిడి హెచ్చును. కొలతలో 140/90 గాని, అంతకు మించి గాని మరల మరల కనబడినచో దానిని అధిక రక్తపోటు అందురు. ఏండ్ల తరబడి అట్లే ఉన్నచో గుండె, మెదడు, మూత్రపిండములు, కన్నులు దెబ్బతినును. నొప్పి తెలియకుండగనే ఇదంతయు జరుగును. పెద్దలకు దినమునకు 5 గ్రాములలోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తలగొట్టిన ఒక చిన్న చెంచాకు రమారమి అంతే వచ్చును. లోకములో మనుష్యులు సగటున తినుచున్నది దానికి రెట్టింపుకంటె ఎక్కువ, సుమారు 10.8 గ్రాములని ఆ సంస్థయే లెక్క కట్టినది. పాశ్చాత్య దేశములలో ఈ ఉప్పు ఎక్కువగ కర్మాగారములలో తయారైన ఆహారమునుండి వచ్చును. మనకు అంగడి బిస్కట్లు, కారపు తినుబండారములు నేడు ఎక్కువైనను, ఇప్పటికిని పెద్దభాగము మన ఇంటి పొయ్యివద్దనే, మన చేతితోనే పడుచున్నది. అందుచేతనే దీనిని నేను వైద్యవిషయముగ మాత్రమే కాక ధర్మవిషయముగ కూడ భావించుచున్నాను.

ఇది క్రొత్తగ పుట్టిన భయము కాదు. చరకసంహిత విమానస్థానము మొదటి అధ్యాయములో పిప్పళ్లు, క్షారము, లవణము అను మూడింటిని అతిగా వాడరాదని చెప్పబడియున్నది. పాలతో గూడ ఉప్పు తిను దేశములవారిని గూర్చి అచటనే ఒక ప్రస్తావన కలదు. చదివినపుడు నాకు నవ్వు వచ్చినది. మనము పెరుగన్నములో ఉప్పు కలిపి, ప్రక్కన ఊరగాయ పెట్టుకొని, ఊరిన ఉప్పుమిరపకాయ నంజుకొందుము. ఇక సైంధవ లవణమైనచో దోషము లేదని కొందరు చెప్పుట వినుచున్నాను. పేరు వేరు, రంగు కొంచెము వేరు. దానిలో ఉన్నదియు ముఖ్యముగ ఆ సోడియము గల లవణమే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తును. అన్నగారి మాటలోని బలమును తక్కువ చేయుటకు నాకు మనసొప్పదు. అష్టావరణములలో ప్రసాదము ఒకటి. ప్రసాదమును వంకలు పెట్టక స్వీకరింపవలెను, కంచములో మెతుకు విడువరాదు. కంచము కడిగిన నీటిని గూడ త్రాగు నిష్ఠ గల పెద్దలను మనమందరము చూచియున్నాము. ఇది అన్నమును గౌరవించుటయే కాదు, వడ్డించినవానిని, ప్రక్క కూర్చున్నవానిని గౌరవించుట కూడ. ఒకే పంక్తిలో ఒకే అన్నము తినుట వలన కులభేదము కరగిన సమాజము మనది. కళ్యాణములో పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు నిలిపిన మహత్కార్యములలో అది చిన్నది కాదు. అట్టి పంక్తిలో కూర్చుండి “నాకిది పనికిరాదు” అనుటకు నోరు రాకుండుట సహజము. అన్నగారికి రాకపోవుటకు కారణము మొండితనము కాదు, మర్యాద.

కాని ఆ వాక్యములో ఒక పొరపాటు ఉన్నది. దానిని గుర్తించుటకు నాకు చాల దినములు పట్టినది. ప్రసాదము పొయ్యిపై ఉన్నపుడు ప్రసాదము కాదు, పదార్థము. లింగమునకు సమర్పితమైన తరువాతనే అది ప్రసాదమగును. స్వీకరించువానికి వంకలు పెట్టు అధికారము లేదన్నది సమర్పణకు తరువాతి మాట. సమర్పణకు ముందు, ఏమి వండవలెను, ఎంత వేయవలెను అను విచారము మనదే. అచట విచారింపకపోవుట భక్తి కాదు, ఏమరుపాటు. మా అన్నగారు వంటశాలలో విసరిన పిడికిలికిని పంక్తిలో తాను కాదనలేకపోయిన ఉప్పునకును నడుమ ఉన్నది ఒక్క సమర్పణయే. తాను వేసినదానినే దైవదత్తమని తాను తినిరి. అట్టివారు వారొక్కరే కారు.

షట్స్థలములలో మూడవది ప్రసాదిస్థలము. భక్తస్థలమునకు శ్రద్ధాభక్తి, మహేశస్థలమునకు నిష్ఠాభక్తి చెప్పిన పెద్దలు ప్రసాదిస్థలమునకు అవధానభక్తిని చెప్పినారు. తినువాని భక్తికి శ్రద్ధ, నిష్ఠ అను పేర్లు చాలవా? అవధానమనియే ఏల అనవలెను? తెలుగువారికి అవధానము తెలియనిది కాదు. అష్టావధానములో పృచ్ఛకులు చుట్టును కూర్చుండి ప్రశ్నలు కురిపించుచుండగ అవధాని పద్యము పూరించును; ఆ సందడిలోనే ఒకడు గంట కొట్టుచుండును. ఎన్ని గంటలు మ్రోగినవో చివర చెప్పవలెను. పద్యము చక్కగ వచ్చినను గంటల లెక్క తప్పినచో అవధానము చెడినట్లే. లెక్కించుట భక్తికి విరుద్ధమని అన్నగారు అనిరి. అవధానమనగ లెక్క మరువకుండుటయే. ఏ ఇంద్రియము దేనిని గ్రహించుచున్నది, ఎంత గ్రహించుచున్నది, ఎవరికి అర్పించి గ్రహించుచున్నది అను ఎరుక తొలగకుండుటయే ప్రసాది లక్షణము. మన శాస్త్రములలో జిహ్వను గురులింగ స్థానముగ చెప్పినారు. రసమును గురులింగమునకు అర్పించుటయే తినుట. గురువునకు అర్పించు దానిలో రుచి ఉండవలెను, నిజమే. హాని ఉండవలెనని ఎవరును చెప్పలేదు.

ఇచట ఒక ఆక్షేపణము తప్పక వచ్చును. విషమును గూడ ప్రసాదముగ గ్రహించి శరణులు చెక్కుచెదరకుండిన కథలు మనకు కలవు. అట్టి పరంపరలోనివారికి చిటికెడు ఉప్పు ఒక లెక్కయా? సభలో చప్పట్లు పడునది ఈ ప్రశ్నకే. నా సమాధానమును అదే పాల్కురికి సోమనాథుని బసవపురాణమునుండియే తీసికొనుచున్నాను. అందు బెజ్జమహాదేవి కథ కలదు. లోకములో అందరికిని తల్లులున్నారు, శివునకు తల్లి లేదని ఆమెకు దుఃఖము కలిగినది. తల్లియే ఉన్నచో బిడ్డను జడలు కట్టనిచ్చునా, వల్లకాడు తిరుగనిచ్చునా, విషము త్రాగనిచ్చునా అని ఆమె తర్కము. తానే తల్లియై శివుని బిడ్డగ పెంచుటకు పూనుకొన్నది. గరళకంఠుని మహిమను పొగడువారు కోట్లమంది ఉన్నారు. ఆ గరళమును త్రాగనిచ్చినవారెవరని అడిగినది ఆమె ఒక్కతెయే. ఆమె భక్తి తక్కువైనదని సోమనాథుడు చెప్పలేదు. విషము త్రాగియు బ్రదికినవారి కథ త్రాగినవారి ధైర్యమును చెప్పును. వడ్డించువారికి అది అనుమతి పత్రము కాదు. వడ్డించువారు తలచుకొనవలసినది బెజ్జమహాదేవిని.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథయు ఇచటికి పనికివచ్చును. నేలపై రాలిన బియ్యము ఏరుకొని వండి జంగమార్చన చేయు దంపతులు వారు. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. మనకు కావలసినదానికి మించి ఏల తెచ్చితివి, తెచ్చినచోటనే పోసిరమ్మని పంపినది. మిగులును లింగము మెచ్చదని ఆమె నమ్మకము. ఈ కథను మనము ధనాశకు, లంచమునకు వర్తింపజేసి ఉపన్యాసములు చెప్పుచుందుము. నాలుకకును వర్తింపజేయవచ్చునని నాకు మొన్నమొన్నటివరకు తోచలేదు. శరీరమునకు కావలసిన ఉప్పు కొంత కలదు, అది లేనిదే బ్రదుకలేము. దానికి మించినది ఆశ.

ఐతే ఇంటిలో ఈ మాట ఎవరితో చెప్పుచున్నాము? అన్నగారు ఇంటికి వచ్చిన తరువాత వారికి వేరుగ చప్పిడి వంట, మిగిలినవారికి మామూలు వంట అని నిర్ణయమైనది. రెండు వంటలును వదినగారే చేయవలెను. నెలదినములు గడచినవి. అన్నగారు ప్రతి పూట ప్రక్కవారి కంచమువైపు చూచుట, వదినగారు జాలిపడి రహస్యముగ పచ్చడి అంటించుట జరిగినది. అంతలో ఒకనాడు ఆరోగ్య కార్యకర్త వచ్చి ఇంటిలో అందరికిని రక్తపోటు చూచినది. వదినగారిది 160/96. ఎన్నాళ్లనుండి ఉన్నదో తెలియదు. ఆమెను ఎవరు ఎప్పుడు చూపించినారు? పురుషునకు జబ్బు చేసినచో ఇంటిలో వేరు వంట పుట్టును. స్త్రీకి జబ్బు చేసినచో ఆమె తనకొరకు వేరుగ వండుకొనదు. అందరి ఉప్పే తినును. స్త్రీకిని పురుషునకును ఒకే లింగము కట్టిన ధర్మము మనది. కాని వంటయింటిలో ఆ సమత్వము ఇంకను ప్రవేశింపలేదని వ్రాయుటకు నాకు సిగ్గు కలుగుచున్నది.

గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో ఉన్నకాలమున కస్తూర్బాకు జబ్బు చేసినది. ఉప్పును, పప్పుధాన్యములను మానుమని ఆయన చెప్పెను. ఎవరైన చెప్పినచో మీరుమాత్రము మానగలరా అని ఆమె అడిగినది. తక్షణమే ఆయన ఒక సంవత్సరముపాటు రెంటిని వదలుచున్నానని వ్రతము పట్టెను. ఆమె కన్నీరు పెట్టుకొన్నది. ఈ వృత్తాంతమును ఆయన తన ఆత్మకథలో వ్రాసికొన్నాడు. వ్రతము పేరిట భార్యను నిర్బంధించుట కొంత ఉన్నదని నా అభిప్రాయము. ఆయనకది మధురస్మృతిగ మిగిలినది, ఆమెకెట్లుండెనో మనకు తెలియదు. ఐనను రోగిని మానుమను వాడు తాను ముందు మానవలెను అన్నంతవరకు ఆ కథ నాకు మార్గము చూపినది. మా ఇంటిలోను, అన్నగారి ఇంటిలోను వేరు వంటను తీసివేసితిమి. అందరికిని ఒకే వంట, ఉప్పు తగ్గినది. మొదటి వారము పిల్లలు మూతి ముడిచిరి. మూడు నాలుగు వారములు గడచునప్పటికి నాలుక దారికి వచ్చినది. ఇప్పుడు పెండ్లిభోజనము మాకు ఉప్పుకషాయముగ తోచుచున్నది. ఉప్పు అలవాటే గాని స్వభావము కాదనుటకు నాకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఉప్పు తగ్గించుటతోనే ఆహారధర్మము ముగియదు. 1997లో అమెరికాలో వైద్యులు ఒక ప్రయోగపు ఫలితములు ప్రకటించిరి. ఉప్పును అందరికిని సమానముగ ఉంచి, కొందరికి కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాలు పెరుగులు ఎక్కువగ పెట్టిరి. ఎనిమిది వారములలో, రక్తపోటు ఉన్నవారికి పై అంకె సుమారు 11, క్రింది అంకె 5 పైచిలుకు తగ్గినవి. 2001లో అదే భోజనమునకు ఉప్పు తగ్గింపును చేర్చిచూడగ ఇంకను తగ్గినది. కూరగాయలలో, పండ్లలో ఉండు పొటాషియము సోడియమునకు ఎదురు నిలుచునని కారణము చెప్పుదురు. పండ్లు కొని తినుట అందరికిని సాధ్యము కాదు, ధర ఎరిగినవాడను. కాని తోటకూర, పాలకూర, మునగాకు, సొరకాయ, అరటిపండు, ఉప్పు వేయని పలుచని మజ్జిగ మన పల్లెలకు దూరమైనవి కావు. మన పెద్దలు తిన్న జొన్నరొట్టె మాటయు చెప్పవలెను. వేడినీటితో పిండి కలిపి తట్టు ఆ రొట్టెలో మా అవ్వ ఉప్పు వేసినట్లు నేను ఎరుగను. ఉప్పంతయు ప్రక్కన పెట్టు పచ్చడిలో, పొడిలో ఉండెను. పొడిలో నువ్వులు, వేరుశెనగ, వెల్లుల్లి పెంచి, నిమ్మరసము పిండుకొన్నచో ఉప్పు లోటు అంతగ తెలియదు.

సోడియము కొంత తగ్గించి పొటాషియము చేర్చిన ఉప్పు కూడ ఇప్పుడు అంగళ్లలో దొరకుచున్నది. చైనాలో 600 గ్రామములలో రమారమి 21,000 మందిపై ఐదేండ్లు సాగిన ఒక పరిశీలన ఫలితములు 2021లో వెలువడినవి. మామూలు ఉప్పు తిన్నవారికంటె ఇట్టి ఉప్పు తిన్నవారిలో పక్షవాతము 14 శాతము తక్కువగ వచ్చెనని తేలినది. ఐతే మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి, కొన్ని రకముల మాత్రలు వేసికొనువారికి ఈ పొటాషియము ప్రమాదము తేగలదు. వైద్యుని అడుగక వాడరాదు. అట్లే ఆహారము మార్చితిమి గదా అని మాత్రలు మానుట మరింత తప్పు. అన్నగారు ఆ పనియు ఒకసారి చేసిరి.

రెండవవైపు ప్రమాదమును గూర్చియు రెండు మాటలు. మా పాఠశాలలో పదవీ విరమణ చేసిన ఒక మిత్రుడు రక్తపోటు యంత్రము కొని, దినమునకు ఆరుసార్లు చేతికి చుట్టుకొనుచున్నాడు. ఎవరింటికి పోయినను తన అంకెలు చెప్పును, ఎదుటివాని కంచములో దోషములు ఎన్నును. శరీరము కాయకమునకు సాధనము. దానిని అర్చించుటకు మనకు వేరుగ లింగము అక్కరలేదనునట్లున్నది అతని స్థితి. మరి కొందరు జబ్బుపడినవానిని చూచి, తిన్నావు కనుక అనుభవింపుమందురు. గాంధీజీ మితాహారమునకు ఉదాహరణముగ నిలిచినవాడు. 1940 ఫిబ్రవరిలో ఆయన రక్తపోటు 220/110 ఉండెనని ఆయన ఆరోగ్య పత్రములలో కలదు. సర్పగంధిని ఔషధముగ వాడినాడు. నియమము పాటించినవానికిని జబ్బు రావచ్చును. కనుక రోగమును చూచి మనిషి శీలమును లెక్కించు పాపము మనకు వలదు. మా అన్నగారిని అట్లు లెక్కించిన బంధువుల మాటలు నేను వినియున్నాను. ఆయన కాలుకంటె ఆ మాటలే వారిని ఎక్కువ కుంగదీసినవి.

ఇక మఠముల సంగతి. దాసోహము మన సమాజమునకు ప్రాణము. తుమకూరు సిద్ధగంగా మఠము వంటిచోట్ల నిత్యము వేలమంది విద్యార్థులకు అన్నము దొరకుచున్నది. ఇంటిలో గృహిణి ఎంత జాగ్రత్తపడినను, వసతిగృహములో పెరుగు బాలుని నాలుకను తీర్చిదిద్దునది ఆ వంటశాలయే. పదేండ్లవాడు అచట మరిగిన ఉప్పును ఏబదియవ ఏట వైద్యుడు మాన్పింపవలసి వచ్చుచున్నది. పూజ్యులైన మఠాధిపతులు ఒక్క మాట సెలవిచ్చినచో వంటవారు విందురు; మా వంటివారు వ్యాసములు వ్రాసినచో వినరు. ఎన్ని సేర్ల పప్పునకు ఎంత ఉప్పో ఒకసారి తూచి గోడపై వ్రాసియుంచుట పెద్ద ఖర్చు కాదు. రుచి చూడకుండ వండు నియమము గల వంటశాలకు కొలత ఇంకను అవసరము. పంక్తిలో “ఊరగాయ వలదు” అనువానిని మరల బలవంతపెట్టకుండుటయు ఒక మర్యాదగ అలవడవలెను. ఆ బలవంతము ప్రేమతోనే చేయుదురని నాకు తెలియును.

మా దగ్గరి మఠమువారు ఈ విషయమును దయతో ఆలకించిరి. అన్నగారు ఇప్పుడు కఱ్ఱ సహాయమున నడచుచున్నారు; ఎడమ చేతిలో పట్టు కొంత వచ్చినది గాని లింగపూజవేళ వదినగారి చేయి క్రింద ఉండవలసినదే. గత ఉత్సవమునకు వంటశాల గుమ్మమువద్ద వారికి కుర్చీ వేసితిమి. పిడికిలికి బదులుగ ఒక ఇత్తడి గిన్నె కొలత పెట్టినారు. ఎన్ని గిన్నెలు పడవలెనో అన్నగారే గట్టిగ లెక్క చెప్పుచుండిరి. అధికముగ కావలెననువారికొరకు ఉప్పును వేరొక పాత్రలో ఉంచి, దానిని గూడ ముందే సమర్పించి, పంక్తి చివర పెట్టిరి. మొదటి పంక్తిలో నలుగురైదుగురు ఈసారి చారులో ఉప్పు మరచినారనిరి. వృద్ధులైన జంగమమూర్తి ఒకరు ఏమియు అనక రెండవసారి చారు అడిగి పోయించుకొనిరి. చివరి పంక్తిలో అన్నగారు, వదినగారు, నేను కూర్చుంటిమి. అన్నగారు చారన్నము కలుపుకొనుచు ఉప్పుపాత్రవైపు రెండుమూడుసార్లు చూచిరి. వదినగారు కంచమునుండి తల ఎత్తకుండగనే ఆ పాత్రను నావైపు జరిపిరి.